మొలవని అడవికంది: ఒక విత్తన నిలయంలో రెండు వానాకాలాలు

ఈ కేసు ఎర్రచల్క నేలలున్న ఒక మండలంలో రైతులు సొంతంగా నడుపుకునే చిన్న విత్తన నిలయానిది. ఊరి పేరు, మనుషుల పేర్లు తీసేశాం. లెక్కలు మాత్రం వాళ్ల రిజిస్టర్‌లో ఉన్నవే.

మొక్క కజానస్ స్కారబియాయిడిస్. పాత పుస్తకాల్లో అటైలోసియా అని ఉంటుంది. 1980ల్లో దాన్ని కంది ప్రజాతిలోకి మార్చారు. గుట్టల వాలుల్లో, బాటల పక్కన, గడ్డి బీళ్లలో గడ్డిపోచలను చుట్టుకుంటూ పాకే సన్నటి తీగ. ఒక్కో ఊళ్లో ఒక్కో పేరు ఉంది, చాలాచోట్ల అసలు పేరే లేదు, కాబట్టి ఇక్కడ అడవికంది అనే రాస్తున్నాం. ఆకుకు మూడు రెబ్బలు, కొస మొద్దుగా ఉంటుంది, తడిమితే మఖమల్‌లా తగులుతుంది. పువ్వు చిన్నది, పసుపు. కాయ రెండు సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, ఒళ్లంతా నూగు. గింజకూ గింజకూ మధ్య అడ్డంగా నొక్కినట్టు గాడి కనిపిస్తుంది.

కందితో దగ్గరి చుట్టరికం ఉంది కాబట్టే ఈ తీగకు ఇంత విలువ. చేత్తో సంకరం చేస్తే కందితో కలుస్తుంది. 2004లో గుజరాత్‌లో విడుదలైన కంది హైబ్రిడ్ జీటీహెచ్-1కు మగ వంధ్యత్వం, అంటే పనికొచ్చే పుప్పొడి తయారుకాని గుణం, ఈ తీగ నుంచే వచ్చింది. కాయ మీది దట్టమైన నూగు శనగపచ్చ పురుగు పిల్లలను కాయ తొలవనివ్వదు. పటాన్‌చెరులోని మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ జన్యు నిధిలో దీని నమూనాలున్నాయి. ఈ రైతులకు మాత్రం అంత దూరపు లక్ష్యం లేదు. తమ గుట్ట మీది రకం గుట్టతోపాటు క్వారీలో కలిసిపోకముందే ఒక గుంట జాగాలో నిలబెట్టి, ఏటా కొంత విత్తనం తీసి పెట్టుకోవాలన్నది వాళ్ల కోరిక.

వచ్చిన సమస్య

డిసెంబరులో గుట్ట మీద ఏరిన విత్తనం 60 గ్రాములు, అంటే సుమారు 3,000 గింజలు. జూన్‌లో 400 గింజలు ట్రేల్లో వేశారు. మూడు వారాలకు 27 మొలిచాయి. ట్రేల్లో మట్టి బాగాలేదనుకుని కొబ్బరి పొట్టు, వర్మి కంపోస్ట్ సగం సగం కలిపి మరో 300 వేశారు, 24 మొలిచాయి. తర్వాత రాత్రంతా నానబెట్టి 100 వేస్తే 11 వచ్చాయి. మరిగే నీళ్లలో ఐదు నిమిషాలు ఉంచిన 50 గింజల్లో ఒక్కటీ రాలేదు. జూలై మధ్యలో మమ్మల్ని పిలిచేసరికి "విత్తనం చచ్చింది, డిసెంబర్ల మళ్లా ఏరుకుందాం" అని తీర్మానం కూడా అయిపోయింది.

ఈ నాలుగు ప్రయత్నాల్లో మట్టి మారింది, నీళ్లు మారాయి, వేడి మారింది. గింజ లోపలికి నీళ్లు పోయాయా లేదా అన్నది మాత్రం ఎవరూ చూడలేదు. మొలకకు అదే తొలి మెట్టు. అక్కడ ఆగిన గింజకు పైన ఏ మట్టి పోసినా ఒకటే. కాబట్టి కొత్తగా ఏదీ వేయకముందే ఒక రోజు పరీక్ష పెట్టాం.

100 గింజలు లెక్కపెట్టి పళ్లెంలో తడి గుడ్డ మీద పరిచి, పైన మరో తడి గుడ్డ కప్పాం. 24 గంటలకు 12 ఉబ్బాయి. మిగతా 88 వేసినప్పుడు ఎంతున్నాయో అంతే ఉన్నాయి, గోరుతో నొక్కితే రాయిలా ఉన్నాయి. వాటిలో 20 తీసి బ్లేడుతో నిలువునా చీల్చాం. 18 గింజల్లో పప్పు మీగడ రంగులో గట్టిగా ఉంది. ఒకదాంట్లో పుచ్చు పురుగు తొలిచిన గుల్ల, ఒకదాంట్లో నల్లబడిన పప్పు. అంటే విత్తనం చావలేదు, తాళం పడి ఉంది. చచ్చిన గింజ రాయిలా ఉండదు. నీళ్లు పీల్చుకుంటుంది, ఉబ్బుతుంది, రెండో రోజుకు మెత్తబడి బూజు పడుతుంది. ఈ తేడా చూసుకోవడానికి ఒక పళ్లెం, ఒక పాత పంచె ముక్క చాలు.

ఈ పరీక్షలోనే ఇంకో సంగతి బయటపడింది. ఉబ్బిన 12 గింజల్లో నాలుగు అసలు అడవికందే కావు. అడవికంది గింజకు కన్ను (గింజ కాయకు అంటుకున్న చోటి మచ్చ) దగ్గర తెల్లటి కండలాంటి బొడిపె ఉంటుంది, సాగు కందిలో అది దాదాపుగా ఉండదు. ఆ నాలుగింటికీ బొడిపె లేదు. అదే గుట్ట మీద పసుపు పూలతో, మూడు రెబ్బల ఆకుతో రింకోసియా తీగ కూడా పాకుతుంది. దాని కాయలో రెండే గింజలు, మధ్యలో గాడి ఉండదు. ఏరిన చేతులకు రెండూ ఒకటే అనిపించాయి. మిగిలిన విత్తనమంతా భూతద్దం కింద పరిచి బొడిపె లేనివి ఏరేయడానికి ఒక పూట పట్టింది. ఆ పని మానుకుని ఉంటే రెండేళ్లు రింకోసియాను కూడా సాకేవాళ్లం.

తాళం తీయడం

గింజ పైపొర నీటిని రానివ్వకపోవడం చిక్కుడు కుటుంబపు అడవి మొక్కల్లో మామూలే. ఏడాది విత్తనమంతా ఒకే వానకు మొలిచి, ఆ వెనక బెట్ట వస్తే వంశం అక్కడితో ఆగిపోతుంది. అందుకే కొన్ని ఈ ఏడు, కొన్ని పై ఏడు, కొన్ని ఆ తర్వాత. వేసవిలో నేల పైపొర పగలు కాలి రాత్రి చల్లబడే మార్పుకు కొన్ని గింజల పొర బీటలిస్తుంది. సాగులోకి వచ్చిన కందిలో ఈ గుణం తరాల ఎంపికలో పోయింది. ఇక్కడ దాన్ని మనం చేత్తో తీయాలి.

ప్రయోగశాలల్లో గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ముంచి తీస్తారు. పిల్లలు తిరిగే చోట, చేతి తొడుగులు కూడా లేని చోట ఆ మాట ఎత్తదలచుకోలేదు. మూడు దారులు చూశాం, ఒక్కోదానికి 100 గింజలు.

వేడినీళ్లు: పొయ్యి మీంచి దించి కాసేపు చల్లార్చిన నీళ్లు గింజల మీద పోసి తెల్లారేదాకా వదిలేశాం. 41 ఉబ్బాయి, మొలిచినవి 26. నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయన్నది ప్రతిసారీ మారుతుంది, థర్మామీటర్ లేకపోతే ఇది జూదం.

ఉప్పు కాగితం: మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా లోపల 120 నంబరు కాగితం అంటించి, గింజలు వేసి గట్టిగా ఊపాం. ఐదు నిమిషాలకు 73 ఉబ్బాయి. ఎనిమిది నిమిషాలు ఊపితే 90 దాకా ఉబ్బాయి గానీ, వాటిలో చాలా గింజలకు కన్ను పక్కన దెబ్బ తగిలి మొలక వంకరగా వచ్చింది.

గాటు: గింజను కన్ను మన వైపు ఉండేలా పట్టుకుని, సరిగ్గా దానికి ఎదురు వైపు నెయిల్ కట్టర్‌తో పొరను మాత్రం చిటుక్కుమనిపించడం. తెల్లటి పప్పు ఆవగింజలో సగమంత కనిపిస్తే చాలు. 96 ఉబ్బాయి, 85 మొలిచాయి. ఎదురు వైపే ఎందుకంటే మొలక వేరు కన్ను దగ్గరే ఉంటుంది, అక్కడ కోస్తే పిండాన్నే కోసినట్టు. బొడిపె తెల్లగా కనిపిస్తుంది కాబట్టి ఏది ఏ వైపో ఈ గింజలో పొరబడే పని లేదు.

గాటు లెక్క బాగుందని అన్నిటికీ గాటే పెట్టలేదు. గింజ మూడు మిల్లీమీటర్లు. చెయ్యి తిరిగిన మనిషి గంటకు 150 గింజలకు మించి చేయలేకపోయింది. గుంట జాగాకు 200 మొక్కలు చాలు కాబట్టి ఆ ఏడాదికి గాటే పెట్టాం. ఎక్కువ కావలసినప్పుడు ఐదు నిమిషాల ఉప్పు కాగితం, ఆరు గంటల నాన, ఆ తర్వాత జల్లెడ. ఉబ్బినవి జల్లెడ పైన నిలుస్తాయి, ఉబ్బనివి కిందికి జారతాయి. కిందివి ఆరబెట్టి మళ్లీ రెండు నిమిషాలు ఊపాలి. దెబ్బ తగిలే గింజలు ఇలా బాగా తగ్గాయి.

మొలిచాక పోయినవి

జూలై ఆఖరులో గాటు పెట్టిన 300 గింజలు వేస్తే ఆరో రోజుకు 250కి పైగా మొలిచాయి. అందరూ సంతోషించారు. పన్నెండో రోజుకు 140 మిగిలాయి. మొదలు దగ్గర కాండం నీరు పట్టినట్టై, దారంలా సన్నబడి వాలిపోయాయి. నారుకుళ్లు.

ఇక్కడ తప్పు కొంత మాదే. గాటు పెట్టిన గింజ రాత్రంతా నీళ్లలో ఉంటే లోపలి చక్కెరలు బయటికి ఊరతాయి, శిలీంధ్రానికి విందు పెట్టినట్టే. నాలుగైదు గంటలు చాలని రాసి ఇవ్వకుండా నోటితో చెప్పాం, వాళ్లు పాత అలవాటు ప్రకారం రాత్రి వేసి పొద్దున తీశారు. ఆపైన కొబ్బరి పొట్టు, వర్మి కంపోస్ట్ మిశ్రమం నీటిని పట్టి ఉంచుతుంది. పైన నీడ వల, రోజూ రెండు పూటలా రోజ్ క్యాన్. గులక మట్టిలో పుట్టే తీగకు ఇది బురద కిందే లెక్క.

మిశ్రమం మార్చాం: ఎర్రమట్టి రెండు పాళ్లు, ముతక ఇసుక రెండు పాళ్లు, చివికిన పశువుల ఎరువు ఒక పాలు. ట్రేలు తీసేసి, అడుగున నాలుగు చిల్లులున్న ఎనిమిది అంగుళాల ఎత్తు పాలిథీన్ సంచులు పెట్టాం. కందిలాగే దీని తల్లివేరు పైన రెండు ఆకులు విచ్చేలోపే లోతుకు దిగుతుంది. ట్రే గుంతలో అది చుట్ట చుట్టుకుపోతే నాటాక కూడా విప్పుకోదు. గింజ ఒక సెంటీమీటరు లోతు, సంచికి రెండు గింజలు. కుళ్లు శిలీంధ్రాలను అణిచే మేలు శిలీంధ్రం ట్రైకోడెర్మా విరిడి పొడి గింజకు పట్టించాం. మట్టి పైపొర ఆరి రంగు మారితేనే నీళ్లు. ఈ విడతలో పోయినవి వందకు ఎనిమిదే.

నేల

మొదటి ఏడు ఎంచుకున్న జాగా బోరు తొట్టి పక్కన, నీళ్లు అందుబాటులో ఉంటాయని. కొంచెం పల్లం, రేగడి కలిసిన మట్టి. ఆగస్టు వానలకు రెండు రోజులు నీళ్లు నిలిచాయి. వారానికి అడుగు ఆకులు పసుపు రంగుకు తిరిగాయి. నత్రజని తక్కువైందని ఎవరో చెబితే గుంటకు కిలోంబావు యూరియా చల్లారు. పది రోజులకు తీగలు పచ్చబడి ఏపుగా సాగాయి. పని అయిపోయిందనుకున్నారు.

ఆ పచ్చదనం మమ్మల్ని తృప్తి పరచలేదు. మూడు మొక్కలు మట్టిపెళ్లతో సహా తవ్వి, బకెట్ నీళ్లలో ముంచి మట్టి కరగనిచ్చాం. గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందించేవి వేళ్ల మీది బుడిపెలు. లాగితే అవి మట్టిలోనే ఊడిపోతాయి, అందుకే ముంచడం. వేళ్ల మీద బుడిపెలు ఒక్కో మొక్కకు రెండు మూడే, కోస్తే లోపల తెల్లగా ఉన్నాయి. పనిచేసే బుడిపె లోపల గులాబీ రంగులో ఉంటుంది. తడికి వేళ్లకు ఊపిరాడక బుడిపెలు కట్టలేదు, యూరియా దొరికాక కట్టాల్సిన అవసరమూ మొక్కకు లేకపోయింది. ఫలితం అక్టోబరులో కనిపించింది. గుట్ట మీది తీగలు పూత మీదుంటే ఇక్కడివి ఇంకా ఆకులు వేస్తున్నాయి.

రెండో ఏడు జాగా మార్చాం. వాలున్న చల్క, అడుగు లోతున మొరం, అడుగు ఎత్తు బోదెలు. బోదెల మధ్య మూడడుగులు, మొక్కల మధ్య అడుగున్నర. యూరియా లేదు. కందికి గుంట లెక్కన మూడు కిలోల సూపర్ ఫాస్ఫేట్ వేస్తారు, ఇక్కడ అందులో సగం దుక్కిలో వేశాం. బుడిపెల కోసం రెండు దారులున్నాయి: కందికి అమ్మే రైజోబియం (బుడిపెలు కట్టించే బ్యాక్టీరియా) ప్యాకెట్, లేదా గుట్ట మీద ఆ తీగ మొదట్లోని మట్టి. రెండూ సగం సగం వాడాం. ప్యాకెట్ వాడేటప్పుడు చల్లారిన బెల్లం నీళ్లతో గింజకు పట్టించి నీడన ఆరబెట్టాలి. ఆరు వారాలకు తవ్వి చూస్తే రెండు వైపులా గులాబీ బుడిపెలే, ఎంచదగ్గ తేడా లేదు. గుట్ట మట్టి ఉచితం కాబట్టి వాళ్లు దాన్నే కొనసాగించారు, సంచికి ఒక పిడికెడు. కంది చేను మట్టి మాత్రం తేవద్దని గట్టిగా చెప్పాం. ఎండు తెగులు శిలీంధ్రం అందులో ఏళ్ల తరబడి ఉంటుంది.

జాగా మార్చడానికి ఇంకో కారణం కూడా ఉంది. మొదటి జాగాకు పది గజాల దూరంలో కంది చేను ఉంది. కందిలో వెర్రి తెగులును మోసే నల్లి ఈ అడవి తీగ మీద కూడా బతుకుతుంది. కంది కోత అయ్యాక ఈ తీగ పచ్చగా నిలబడితే నల్లికి వేసవి గడపడానికి ఇల్లు దొరికినట్టే. కంది బాగు కోసం దాచే మొక్క కందికే చేటు తెచ్చిందంటే ఆ ఊళ్లో ఇంకెవరూ దాన్ని ఉంచనివ్వరు. కొత్త జాగా చుట్టూ జొన్న, ఆముదం ఉన్నాయి.

పాకడానికి ఆధారం

వెదురు బొంగులు పాతితే తీగ వాటిని పట్టుకోలేదు. దీనికి నులితీగలు లేవు, కాండమే చుట్టుకోవాలి. బొంగు లావు దాని చుట్టుకు మించిపోతుంది. పెన్సిల్ కంటే సన్నటి పుల్లలు కావాలి. పత్తి కట్టె ఊళ్లో కుప్పలుగా ఉంది గానీ గులాబీ రంగు పురుగు దాగి ఉంటుందని వద్దన్నాం. వావిలి రెమ్మలు కుదిరాయి. మేకలు ముట్టవు, సన్నగా కొమ్మలు చీలి ఉంటాయి. పచ్చివి పాతితే వానకు చిగురిస్తాయి, కాబట్టి పది రోజులు ఎండబెట్టి పాతాలి. మూడడుగుల ఎత్తు చాలు. నేల మీద పాకనిచ్చిన వరుసలో అడుగు కాయలు మట్టి చింది బూజు పట్టాయి. రెమ్మలు ఉన్న చోట ఆ నష్టం లేదు, పైగా కాయ ఏరడానికి నడుం వంచే పని తగ్గింది.

కోత

మొదటి ఏడాది చావగా మిగిలిన తీగలు డిసెంబరులో ఆలస్యంగా కాశాయి. కందికి చేసినట్టే ముప్పాతిక కాయలు ఎండేదాకా ఆగి, తీగలు కోసి కళ్లంలో వేశారు. వచ్చింది 38 గ్రాములు. మొక్కల కింద మట్టిని జల్లెడ పడితే అంతకు రెట్టింపు గింజలు నేలలో దొరికాయి. అడవి కాయ ఎండితే రెండు పెంకులూ మెలితిరిగి చిట్లుతుంది, గింజను దూరంగా విసురుతుంది. సాగు కందిలో ఈ గుణం చాలావరకు పోయింది, అందుకే ఆ అలవాటు ఇక్కడ చెల్లలేదు.

చిట్లకముందే తుంచితే సరిపోతుందని పచ్చికాయలు తుంచి చూశాం. ఆ గింజలు గాటు లేకుండానే మొలిచాయి గానీ ఆరబెడితే ముడతలు పడ్డాయి, ఆర్నెల్లు నిలవలేదు. పొర గట్టిపడేది చివరి ఆరుదలలోనే. దాచుకునే విత్తనానికి అది గట్టిపడాల్సిందే. కాబట్టి సరైన అదను పచ్చ రంగు విరిగి కాయ గోధుమ రంగుకు తిరుగుతున్నప్పుడు, చిట్లడానికి రెండు మూడు రోజుల ముందు.

వేళ సంగతి కాయలు ఏరే ఆమె చెప్పింది: "ఎండెక్కినంక ముట్టుకుంటే చేతిల్నే పలుగుతయి సార్. మంచు మీద తెంపాలె." రెండో ఏడు అలాగే చేశాం. రోజు విడిచి రోజు, పొద్దున ఎనిమిదిలోపు, మంచు తడి ఉండగానే. తెంపిన కాయలు దోమతెర సంచుల్లో వేసి మూతి కట్టి ఎండలో వేలాడదీస్తే సంచిలోనే చిటచిటమని పగులుతాయి, గింజ బయటికి పోదు. అక్టోబరు చివర నుంచి డిసెంబరు దాకా 24 విడతలు ఏరారు. 196 మొక్కల నుంచి 640 గ్రాములు వచ్చింది. కూలి లెక్క కడితే ఇది ఏ పంటకూ చెల్లని ఖర్చు. విత్తన నిలయానికి ఏడాదికి 100 గ్రాములు చాలు కాబట్టి మూడో ఏడు నుంచి 40 మొక్కలకే కుదించమన్నాం.

ఆ ఏడు జొన్న అవతలి కంది చేలో శనగపచ్చ పురుగు ఉధృతంగా ఉంది. అడవికంది కాయల్లో తొలిచిన రంధ్రాలు ఎక్కడో ఒకటి తప్ప కనిపించలేదు. పుచ్చు పురుగు మాత్రం నూగును లెక్కచేయలేదు, గుడ్లు పెట్టిన కాయలు కొన్ని నిలవలోకి వచ్చాయి. గింజను పంటి కింద టక్కున విరిగేదాకా ఆరబెట్టి, గాజు సీసాలో మూతి దాకా నింపి మైనం పెట్టారు. మూడు నెలలకోసారి సీసా అడుగున పిండి రాలిందేమో చూడాలి.

నిలయం రిజిస్టర్‌లో ఇప్పుడు ఈ తీగ పేజీకి రెండు గడులు అదనంగా ఉన్నాయి: వంద గింజల్లో గాటు లేకుండా ఉబ్బినవి ఎన్ని, గాటు పెడితే ఉబ్బి కూడా మొలవనివి ఎన్ని. మొదటి అంకె ఏడాదికేడాది కాస్త పెరిగితే కంగారు అక్కర్లేదు, పొర మెత్తబడుతోందంతే. రెండో అంకె పెరిగితే ఆ సీసా కాలం అయిపోయినట్టు, ఆ వానాకాలమే మళ్లీ నాటాలి. గుట్ట మీద క్వారీ వాలు సగం దాకా వచ్చింది, కింది అంచున తీగ ఇంకా ఉంది. డిసెంబరులో అక్కడి నుంచి కూడా పది పదిహేను మొక్కల కాయలు విడిగా ఏరి, విడి సీసాలో పెడుతున్నారు.